సొంతింట్లో చుట్టమైన గిటార్: సూపర్‌నేచురల్ తర్వాత శాంటానా

ప్రశ్న: ‘సూపర్‌నేచురల్’ ఆల్బమ్‌లోని ‘స్మూత్’ పాట విని గిటారిస్టు కార్లోస్ శాంటానా ఫ్యాన్ అయ్యాను. ఆ ఊపులో ‘షామన్’, ‘ఆల్ దట్ ఐ యామ్’, ‘గిటార్ హెవెన్’ ఆల్బమ్‌లు వరసగా విన్నాను. ఒక్కోటీ ముందుదాని కంటే చప్పగా అనిపించింది. పాత అభిమానులేమో ఈయన డెబ్బైల్లోనే అయిపోయాడు, తర్వాతదంతా డబ్బు కోసమే అంటున్నారు. నిజంగా అమ్ముడుపోయాడా? లేక నాకే వినడం రావట్లేదా? మొదటి నుంచి వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

నీకు వినడం బాగానే వచ్చు తమ్ముడూ. నీ చెవికి చప్పగా తగిలింది చప్పనిదే. ఒక్క ‘డబ్బు కోసం’ అన్న మాట దగ్గరే పాతవాళ్లతో నాకు పేచీ. ముప్పై ఏళ్లకు పైగా గిటార్ మీద బతుకుతున్నవాణ్ణి నేను. పెళ్లి ఆర్కెస్ట్రాలు, కాలేజీ ఫెస్టులు, స్టూడియో సెషన్లు, ఇప్పుడు ఇంటి దగ్గర పిల్లలకు క్లాసులు. డబ్బు కోసం వాయించడమే పాపమైతే నా పాపం ఎప్పుడో పండాలి. శాంటానా విషయంలో జరిగింది వేరు. అది చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నేను మొదట విన్నది ‘అబ్రాక్సస్’, 1970 నాటి ఆల్బమ్. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా నాన్నతో పనిచేసే ఆంగ్లో ఇండియన్ అంకుల్ ఒకాయన దగ్గర ఆ ఎల్పీ ఉండేది. కవర్ మీద మాటి క్లార్వైన్ వేసిన పెయింటింగ్. అందులో ఒంటి మీద నూలుపోగు లేని నల్లని స్త్రీ. అది మా అమ్మ కంటపడితే నా గిటార్ ఆ రోజుతో అటకెక్కేది. అంకుల్‌కి ఆ సంగతి తెలుసు కాబట్టి నాకు ఎల్పీ ఇవ్వకుండా క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. నాలుగైదు నెలలు నాకు అదే లోకం. ‘ఓయే కోమో వా’లో గిటార్ ఒక్కో ముక్క రివైండ్ చేసుకుంటూ నేర్చేసుకున్నాను. పక్కింటి వాళ్లకి వినిపిద్దామని కూర్చుని వాయిస్తే, పాట రాలేదు! స్వరాలన్నీ కరెక్టే. కానీ పాట లేదు. నా చేతిలో ఉన్నది పాటలో ఆరో వంతని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు.

ఆ పాటను ఒకసారి దగ్గరగా చూద్దాం. టిటో పుయెంటే అనే న్యూయార్క్ ప్యూర్టోరికన్ టింబాలె (పుల్లలతో వాయించే లోహపు డోళ్లు) విద్వాంసుడు అరవైల మొదట్లో చేసిన చా-చా-చా, అంటే క్యూబా తరహా డాన్స్ పాట అది. మొత్తం పాటంతా రెండే కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు): ఎ మైనర్ సెవెన్, డి నైన్. స్కేల్ వరకే చూసుకుంటే మన ఖరహరప్రియ. రెండు కార్డ్‌ల మీద నాలుగు నిమిషాలు మనిషిని కూర్చోబెట్టాలంటే ఏం చేయాలి? శాంటానా బ్యాండ్ ఏం చేసిందంటే, ఎవరూ ఎవరికీ తాళం వేయరు. గ్రెగ్ రోలీ ఆర్గాన్ గుచ్చి గుచ్చి పొడుస్తుంది, డేవిడ్ బ్రౌన్ బేస్ దానికి తోడు నడుస్తుంది. మైఖేల్ కారబెయో కాంగాలు (చేత్తో వాయించే పొడవాటి డోళ్లు), చెపీతో ఆరియాస్ టింబాలెలు, మైఖేల్ ష్రీవ్ డ్రమ్స్, ముగ్గురూ మూడు రకాలుగా ఒకే మాట చెబుతుంటారు. గిటార్ వచ్చి తన మాట చెప్పి తప్పుకుంటుంది. మధ్యలో ఆర్గాన్ తన సోలో అందుకుంటుంది. ఇది రచ్చబండ దగ్గర ఆరుగురు వాదించుకున్నట్టు ఉంటుంది. అందులో ఒకడి గొంతు కాస్త తీపి, అంతే.

ఆ బ్యాండ్‌కు శాంటానా అని పేరు రావడం వెనక తమాషా ఉంది. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైనప్పుడు సంగీతకారుల యూనియన్ నిబంధన ప్రకారం ఎవరో ఒకరిని లీడర్‌గా చూపించాలి. కార్లోస్ పేరు రాశారు. రికార్డుల్లో ఆయన నాయకుడు, నిజానికి అందరూ సమానమే. మెక్సికోలోని హలిస్కో రాష్ట్రం, ఆట్లాన్ ఊళ్లో 1947లో పుట్టాడు కార్లోస్. తండ్రి మరియాచీ (మెక్సికన్ జానపద బృందం) వయొలినిస్టు. తిహువానా క్లబ్బుల్లో వాయించి, అక్కడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు.

ఇక ‘అప్పట్లో వాళ్లు పవిత్రులు’ అనేవాళ్లకు రెండు సంగతులు గుర్తుచెయ్యి. ఈ బ్యాండ్ అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే పొడవాటి జామ్‌లే వాయిస్తూ ఉంటే, ఇలా అయితే రేడియోలో ఎవరూ వెయ్యరు, పాట కావాలి అని పోరి ‘ఈవిల్ వేస్’ తెచ్చి ఇచ్చింది బిల్ గ్రాహమ్, ఫిల్‌మోర్ కచేరీ హాళ్లు నడిపిన పక్కా వ్యాపారి. అదే మొదటి టాప్ టెన్ హిట్ అయింది. ఆల్బమ్ కూడా విడుదల కాకముందే 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ అనే భారీ సంగీతోత్సవం వేదిక ఎక్కగలిగారంటే అదీ ఆయన పట్టుబట్టబట్టే. ‘బ్లాక్ మ్యాజిక్ ఉమన్’ కూడా వీళ్ల సొంతం కాదు. ఫ్లీట్‌వుడ్ మాక్ బ్యాండ్ గిటారిస్టు పీటర్ గ్రీన్ 1968లో రాసిన పాట. అంటే హిట్ కోసం బయటి పాట తెచ్చుకోవడం, బయటివాడి సలహా వినడం మొదటి రోజు నుంచే ఉంది. కానీ బయటి పాట వాళ్ల గదిలోకి రాగానే ఆరుగురి చేతుల్లో నలిగి, వాళ్లదై బయటికి వచ్చేది. పీటర్ గ్రీన్ ఒరిజినల్ విని, వెంటనే వీళ్లది విను. కాంగాలు తగిలిన చోట పాట నడకే మారిపోతుంది. చివర్లో గాబోర్ జాబో అనే హంగేరియన్ గిటారిస్టు ‘జిప్సీ క్వీన్’ అతికించి ఎత్తుకెళ్లిన తీరు చూడు, అతుకు ఎక్కడుందో పట్టుకోలేవు.

వుడ్‌స్టాక్ ‘సోల్ శాక్రిఫైస్’ వీడియో నువ్వు చూసే ఉంటావు. అందరూ కార్లోస్ ముఖం చూస్తారు. తమ స్లాట్ రాత్రికి అనుకుని మత్తు పదార్థం వేసుకుంటే మధ్యాహ్నమే ఎక్కించేశారనీ, గిటార్ మెడ పాములా మెలికలు తిరుగుతోందనిపించిందనీ ఆయనే తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. నేను మాత్రం ష్రీవ్‌ను చూడమంటాను. అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు. డ్రమ్ సోలోలో శబ్దాన్ని దాదాపు గుసగుస దాకా తగ్గించి, లక్షల జనాన్ని అలా పట్టుకుని, మళ్లీ లేపుతాడు. పాటకు పేరు శాంటానాదే కావచ్చు, ఆ నిమిషం మాత్రం ష్రీవ్‌ది.

ఇప్పుడు ‘డెబ్బైల్లోనే అయిపోయాడు’ అన్నదానికి వద్దాం. 1972లో ‘కారవాన్‌సెరాయ్’ వచ్చింది. సరాయి అంటే మన షేక్‌పేట సరాయిలాంటిదే, బాటసారుల సత్రం. అందులో హిట్ పాట లేదు. సగానికి పైగా గొంతే లేదు. ఆల్బమ్ మొదలవడమే కీచురాళ్ల చప్పుడుతో. వాళ్ల రికార్డు కంపెనీ కొలంబియా అధిపతి క్లైవ్ డేవిస్ ఇది విని, ఇలాంటిది విడుదల చేస్తే కెరీర్‌ను చేతులారా చంపుకోవడమే అన్నాడట. ఈ పేరు గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తాడు. నా దృష్టిలో అది వాళ్ల శిఖరం. కానీ చాలామంది అభిమానులు చెప్పకుండా దాటేసే విషయం, పాత బ్యాండ్ చెదిరిపోయింది సరిగ్గా ఆ ఆల్బమ్ దగ్గరే. కారబెయో అప్పటికే పోయాడు. గ్రెగ్ రోలీ, పదిహేడేళ్లకే చేరిన నీల్ షాన్ ఇద్దరూ వెళ్లి ‘జర్నీ’ బ్యాండ్ పెట్టుకున్నారు. అంటే ఈ ఇంటిని మొదట విడగొట్టింది డబ్బు కాదు, జాజ్ మోజు.

ఆ వెంటనే కార్లోస్ బెంగాలీ గురువు శ్రీ చిన్మయ్ శిష్యుడయ్యాడు. జుట్టు కత్తిరించి తెల్లబట్టలు కట్టాడు. గురువు పెట్టిన పేరు దేవదీప్. మనకు విడమర్చి చెప్పక్కర్లేని పేరు. అదే గురువు దగ్గర మహావిష్ణు అయిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 1973లో ఒక ఆల్బమ్, మరుసటి ఏడాది జాజ్ విద్వాంసురాలు ఆలిస్ కోల్‌ట్రేన్‌తో ఇంకొకటి. మనుషులు మారినా గది మాత్రం ఒకటే. 1973లో జపాన్‌లోని ఒసాకాలో రికార్డ్ చేసిన ‘లోటస్’ వింటే తెలుస్తుంది, అప్పుడు కాంగాల మీద ఆర్మాండో పెరాసా, కీబోర్డ్ మీద టామ్ కోస్టర్. ఒకరి చెయ్యి లేస్తే ఇంకొకరికి తెలిసిపోతోంది.

ఎనభైల గురించి ఎక్కువ చెప్పను. ‘విన్నింగ్’, ‘హోల్డ్ ఆన్’ లాంటి రేడియో పాటలు వచ్చాయి, పోయాయి. నీకు నచ్చకపోతే తప్పేం లేదు, నాకూ నచ్చవు. తొంభైలు వచ్చేసరికి కొలంబియాతో ఒప్పందం లేదు, 1992 నాటి ‘మిలాగ్రో’ను జనం పట్టించుకోలేదు, కొన్నేళ్లు కొత్త స్టూడియో ఆల్బమే లేదు. కచేరీలకు మాత్రం జనం వచ్చేవాళ్లు. పాత పాటలు వినడానికి.

అప్పుడు మళ్లీ క్లైవ్ డేవిస్. ఈసారి అరిస్టా కంపెనీ అధిపతిగా. ఆయన పెట్టిన ఒప్పందం ఆయనే బయట చెప్పుకున్నాడు: ఆల్బమ్‌లో సగం నీ ఇష్టం, మిగతా సగానికి పాటలు, గాయకులను నేను వెతుకుతాను. కార్లోస్ ఒప్పుకున్నాడు. రేడియోలో మళ్లీ వినబడతావని మెటట్రాన్ అనే దేవదూత తనకు చెప్పాడని కార్లోస్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు. నవ్వకు. మా ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ అతను ప్రతి షో ముందు కీబోర్డ్‌కు నిమ్మకాయ కట్టేవాడు. ఈ ఫీల్డ్‌లో ఎవరి దేవదూత వాళ్లకుంటాడు.

1999 జూన్‌లో ‘సూపర్‌నేచురల్’ వచ్చింది. తర్వాతదంతా నీకు తెలిసినదే. ‘స్మూత్’ అమెరికాలో 12 వారాలు నంబర్ వన్, ‘మరియా మరియా’ 10 వారాలు. 1971 తర్వాత మొదటి నంబర్ వన్ ఆల్బమ్. ఒక్క అమెరికాలోనే కోటిన్నర కాపీల సర్టిఫికేషన్. 2000 ఫిబ్రవరిలో ఒకే రాత్రి కార్లోస్‌కు ఎనిమిది గ్రామీలు, మైఖేల్ జాక్సన్ రికార్డుతో సమానం. మనిషికి అప్పుడు యాభై రెండేళ్లు.

పాతవాళ్లు ఇక్కడే వేలెత్తి చూపిస్తారు. నేను ఒప్పుకోను. ‘స్మూత్’ మంచి పాట. దాని వెనక కథ తెలుసా? ఇటాల్ షుర్ అనే అతను ముందు ఇంకో పేరుతో ట్యూన్ చేశాడు. మాచ్‌బాక్స్ ట్వంటీ గాయకుడు రాబ్ థామస్‌ను పిలిచి మాటలు, బాణీ తిరగరాయించారు. పాడటానికి కాదు, రాయడానికే. థామస్ మనసులో ఉన్న గాయకుడు జార్జ్ మైఖేల్. డెమో విన్న కార్లోస్ ఈ గొంతే ఉంచండి అన్నాడు. ఎ మైనర్, ఎఫ్, ఇ సెవెన్. ఆ ఇ సెవెన్ వల్ల మన కీరవాణి ఛాయ వస్తుంది. అందుకేనేమో మా ఆర్కెస్ట్రాలో ఇంగ్లీషు ముక్క రాని పెద్దమనుషులు కూడా ఆ పాటకు చిటికెలేసేవాళ్లు. అన్నిటికీ మించి, దాని కింద ఉన్నది కార్లోస్ కచేరీ బ్యాండే. కాంగాల మీద రౌల్ రెకో, టింబాలెల మీద కార్ల్ పెరాజో, డ్రమ్స్ రాడ్నీ హోమ్స్, బేస్ బెన్నీ రీట్‌వెల్డ్, కీబోర్డ్ చెస్టర్ థాంప్సన్. గాయకుడు బయటివాడే, పునాది మాత్రం ఇంటిది. ‘కొరాసాన్ ఎస్పినాదో’ కూడా అంతే. అందులో పాడిన మానా బ్యాండ్‌ది గ్వాదలహారా, అంటే కార్లోస్ పుట్టిన హలిస్కో రాజధాని. ఊరివాళ్లు కలిసి వాయించినట్టుంటుంది. పైగా ఆ ఆల్బమ్‌లో ‘ఎల్ ఫరోల్’, ‘మిగ్రా’, ‘యాలేయో’ లాంటివి ఉన్నాయి. సగం నీ ఇష్టం అన్న మాట అక్కడ నిలబడింది.

ఆ మాట నిలబడనిది 2002లో, ‘షామన్’ దగ్గర. మొదటి వారమే నంబర్ వన్. నీకు చప్పదనం అక్కడి నుంచే మొదలైందన్నావు చూడు, సరిగ్గా పట్టుకున్నావు. ‘ది గేమ్ ఆఫ్ లవ్’ తీసుకో. గ్రెగ్ అలెగ్జాండర్, రిక్ నోవెల్స్ రాసిన చక్కటి పాప్ పాట. ముందు టీనా టర్నర్ పాడింది, తర్వాత ఆ ట్రాక్ మీదికి పంతొమ్మిదేళ్ల మిషెల్ బ్రాంచ్ గొంతు వచ్చింది, అదే విడుదలైంది. టీనా పాడినది 2007లో ఒక సంకలనంలో బయటికొచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి విను. గాయని మారినా పాటకు ఏమీ కాలేదు. ఇప్పుడు మనసులో గిటార్ కూడా తీసేసి విను. అప్పుడూ ఏమీ కాదు!

నా క్లాసులో పెద్ద పిల్లలతో ఈ ఆట ఆడిస్తాను. పాటలో ఒక్కో వాయిద్యం తీసేసినట్టు ఊహించుకోమంటాను. ‘ఓయే కోమో వా’లో ఆర్గాన్ తీస్తే కూలుతుంది, కాంగాలు తీస్తే కూలుతుంది, గిటార్ తీస్తే సరేసరి. ‘స్మూత్’లో గిటార్ తీస్తే పాట బతుకుతుంది కానీ ఒంటికన్నుతో. ‘ది గేమ్ ఆఫ్ లవ్’లో గిటార్ తీస్తే ఎవరూ గమనించరు. మొన్న ఒక పిల్లాడైతే ‘సార్, దీంట్లో శాంటానా ఎక్కడున్నాడు?’ అని అడిగాడు. లైన్‌కూ లైన్‌కూ మధ్య ఖాళీలో ఉన్నాడు నాన్నా అన్నాను.

ఆ ఖాళీ నాకు బాగా తెలుసు. చాలా ఏళ్ల కిందట ఒక ప్రైవేట్ ఆల్బమ్‌కు నన్ను స్టూడియోకు పిలిచారు. వెళ్లేసరికి పాట మొత్తం తయారైపోయి ఉంది. రిథమ్ ప్యాటర్న్ కంప్యూటర్‌లోది, గొంతు ఫైనల్ మిక్స్ దాకా వచ్చేసింది. ఇంజనీర్ హెడ్‌ఫోన్స్ ఇచ్చి ‘అన్నా, గ్యాప్స్‌లో మంచి మంచి బిట్లు వేసెయ్, ఎక్కువైతే నేను కట్ చేసుకుంటా’ అన్నాడు. ఇరవై నిమిషాల్లో వేశాను. మూడు టేకులు వేస్తే మూడింట్లోంచి ముక్కలు ఏరుకున్నారు. ఆ గాయకుణ్ణి ఇంతవరకూ చూడలేదు. పేమెంట్ చేతికిచ్చారు, టీ బాగుంది, సంతోషంగానే ఇంటికెళ్లాను. తర్వాత ఆ పాట ఆటోలో వింటే, వాయించింది నేనే కానీ అందులో నేను చెప్పిందేమీ లేదు. గాయకుడు ఎక్కడ గట్టిగా పాడుతున్నాడో వింటూ నేను వాయించాను. నేనేం వాయించానో అతను ఎప్పుడూ వినలేదు కదా. తన గొంతు ఆ ముందురోజే పూర్తయింది.

కార్లోస్ స్టూడియోలో ప్రతి పాటకూ ఇలాగే జరిగిందని నేననను. కానీ ‘షామన్’ నుంచి ‘ఆల్ దట్ ఐ యామ్’ వరకు ఒక్కో పాటకు ఒక్కో నిర్మాత, ఒక్కో గాయకుడు, ఒక్కో స్టైల్. స్టీవెన్ టైలర్, మేరీ జె. బ్లైజ్, షాన్ పాల్, చాడ్ క్రోగర్, ఆఖరికి ఒపెరా గాయకుడు ప్లాసిడో డొమింగో కూడా. అతిథులు ఎవరి వంట వాళ్లు తెచ్చుకున్నారు. ఆహ్వాన పత్రిక మీద పేరు మాత్రం శాంటానాది. ఆయన అందరి మధ్యా తిరుగుతూ, బాగున్నారా, భోజనం చేశారా అని పలకరిస్తున్నట్టు ఆ నాలుగు స్వరాల బిట్లు. గొప్ప గిటార్ టోన్ అది, కాదనను. పీఆర్‌ఎస్ గిటార్, మీసా బూగీ ఆంప్, ఒక్క స్వరం పట్టి నిలబెడితే ఫలానావాడని ఎవరైనా చెప్పేస్తారు. అదే ఆయన ప్రాణానికి వచ్చింది. ఒక్క స్వరంతో పోల్చుకోగలిగేవాడి దగ్గర రెండో స్వరం ఎవరడుగుతారు?

అందుకే నా ఫిర్యాదు ‘సూపర్‌నేచురల్’ మీద కాదు, దాన్ని అచ్చు తీసి మళ్లీ మళ్లీ పోయడం మీద. మొదటిసారి అది పందెం. యాభై దాటిన, రేడియో మరిచిపోయిన గిటారిస్టును కుర్ర గాయకుల పక్కన నిలబెట్టడానికి ధైర్యం కావాలి. రెండోసారి అది ఫార్ములా. మూడోసారికి జనానికే విసుగొచ్చింది. ‘షామన్’ అమెరికాలో ఇరవై లక్షలు దాటింది, 2005లో వచ్చిన ‘ఆల్ దట్ ఐ యామ్’ రెండో స్థానంలో దిగినా ఆ దరిదాపులకు రాలేదు. పూర్తి వ్యాపారమే చేశారనుకున్నా, ఇది మంచి వ్యాపారం కూడా కాదన్నమాట. ఈ మధ్యలోనే ఆడవాళ్ల చెప్పుల బ్రాండ్ కూడా వచ్చింది ఆయన పేరు మీద. దాని మీద నాకేం కోపం లేదు. చెప్పులు పాటలోకి రావు.

2010 నాటి ‘గిటార్ హెవెన్’ దగ్గర మాత్రం నాకు మనసు కష్టమైంది. రాక్ చరిత్రలోని గొప్ప గిటార్ పాటలన్నీ ఏరి, ఒక్కోదానికీ ఒక గాయకుణ్ణి పెట్టి మళ్లీ వాయించారు. లెడ్ జెప్పెలిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్ పాట ‘హోల్ లాటా లవ్’కు క్రిస్ కార్నెల్, ‘స్మోక్ ఆన్ ది వాటర్’కు జాకోబీ షాడిక్స్, ‘లిటిల్ వింగ్’కు జో కాకర్. ‘వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్’ ఒక్కటి కాస్త నయం, ఇండియా ఆరీ గొంతు, యో-యో మా సెల్లో కలిసి దాన్ని వేరే చోటికి తీసుకెళ్లాయి. మిగతావి ఆర్కెస్ట్రావాళ్లం మేం చేసే పనే. పెళ్లిలో ఎవరో చీటీ పంపితే ఒరిజినల్‌కు దగ్గరగా వాయించి చప్పట్లు కొట్టించుకుంటాం. నలభై ఏళ్ల కిందట పీటర్ గ్రీన్ పాటను తమ పాటగా మార్చుకున్న మనిషి, జిమ్మీ పేజ్ పాటను జిమ్మీ పేజ్ పాటగానే వదిలేశాడు. చీటీలు అందుకునేవాళ్లం మేం సరే, ఆయనకేం ఖర్మ?

ఇక్కడితో కథ అయిపోయి ఉంటే నేనూ పాతవాళ్ల పక్కనే కూర్చునేవాణ్ణి. కానీ 2012లో సొంత లేబుల్ మీద ‘షేప్ షిఫ్టర్’ అని, దాదాపు అంతా వాయిద్యమే ఉన్న ఆల్బమ్ చేశాడు. పెద్దగా అమ్ముడుపోలేదు. తర్వాత నీల్ షాన్ పట్టువదలకుండా వెంటపడగా పాతవాళ్లను కూడగట్టారు. రోలీ, ష్రీవ్, కారబెయో, షాన్. బేసిస్టు డేవిడ్ బ్రౌన్ 2000లోనే పోయాడు, చెపీతో రాలేదు. 1971 నాటి మూడో ఆల్బమ్‌కు కొనసాగింపు అన్నట్టు 2016లో ‘శాంటానా ఫోర్’ అని పేరు పెట్టి విడుదల చేశారు. గొప్ప ఆల్బమా అంటే కాదు. కొన్ని పాటలు సాగుతాయి, గొంతులకు వయసు తెలుస్తుంది. కానీ మొదటి పాట ‘యాంబూ’ మొదలైన నిమిషంలోపే ఆర్గాన్ వచ్చి గిటార్‌కు అడ్డం తగులుతుంది. నాకు ఒళ్లు జలదరించింది. ఎన్నాళ్ల తర్వాత ఆయన మాటకు ఎవరో ఎదురు మాట చెప్పారు!

‘సూపర్‌నేచురల్’ వచ్చిన సరిగ్గా ఇరవై ఏళ్లకు, 2019 జూన్‌లో, ‘ఆఫ్రికా స్పీక్స్’. ఇందులోనూ బయటి గాయని ఉంది, స్పెయిన్‌కు చెందిన బుయికా. కానీ ఆల్బమ్ దాదాపు మొత్తానికీ ఆమె ఒక్కతే. నిర్మాత రిక్ రూబిన్. మాలిబూలోని ఆయన స్టూడియోలో బ్యాండంతా కూర్చుని పది రోజుల్లో 49 పాటలు రికార్డ్ చేశారు. డ్రమ్స్ మీద కార్లోస్ భార్య సిండీ బ్లాక్‌మన్. డెబ్బై దాటిన మనిషి గిటార్ అక్కడ మళ్లీ అరుస్తుంది, తడబడుతుంది, ఒకటి రెండు చోట్ల శ్రుతి అంచున జారుతుంది కూడా. ‘షామన్’లో ఎక్కడైనా తడబాటు విన్నావా? నేను వినలేదు.

ఆ తర్వాత 2021లో మళ్లీ అతిథుల ఆల్బమ్ ఒకటి చేశాడు, రాబ్ థామస్ కూడా వచ్చాడు. లాస్ వేగాస్‌లో ఏళ్ల తరబడి హిట్లతో షోలు నడుస్తూనే ఉన్నాయి. మనిషి మారిపోయాడని నేననట్లేదు. రెండు అలవాట్లూ ఆయనలో పక్కపక్కనే ఉన్నాయి, ఏ రోజు గదిలో ఎవరున్నారన్న దాన్ని బట్టి ఒకటి బయటికొస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. సంవత్సరాల వరస పెట్టుకోకు, నీరసమొస్తుంది. ముందు వుడ్‌స్టాక్ ‘సోల్ శాక్రిఫైస్’ వీడియో, మంచి స్పీకర్లలో. తర్వాత ‘అబ్రాక్సస్’ మొత్తం ఒకే ఊపున, పాటలు ముందుకు జరపకుండా. ముప్పై ఏడు నిమిషాల పనే. అది అరిగాక ‘కారవాన్‌సెరాయ్’, రాత్రిపూట, లైట్లు తీసేసి. మొదటిసారి బోర్ కొడితే ఒక నెల పక్కన పెట్టి మళ్లీ విను. అక్కడి నుంచి తిన్నగా ‘ఆఫ్రికా స్పీక్స్’కు దూకెయ్. ఎనభైలు వదిలేసినా కొంపలేం మునగవు. ‘సంబా పా తి’, ‘యూరోపా’ రెండూ ఎప్పుడైనా వినొచ్చు. నీకూ గిటార్ ఉండి నేర్చుకుంటుంటే మాత్రం ‘సంబా పా తి’తో మొదలుపెట్టు. ఫోన్‌లో చూసి వేళ్లు పెట్టడం కాదు, ముందు నోటితో పాడి తర్వాత వాయించు.

అవన్నీ అయ్యాక ‘స్మూత్’ మళ్లీ పెట్టుకో. ఈసారి రాబ్ థామస్‌నూ, కార్లోస్‌నూ కూడా వదిలెయ్. కింద కాంగాలు వాయిస్తున్న రౌల్ రెకోను ఒక్కణ్ణే పట్టుకుని చివరిదాకా విను. 1976 నుంచి దాదాపు నలభై ఏళ్లు ఆ బ్యాండ్‌లో వాయించాడు, 2015లో పోయాడు. అన్ని కోట్లమంది విన్న పాటలో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎంతమందో. పాట చివర గొంతు ఆగిపోయి గిటార్ ఎగిరే చోట ఆయన చేతులు ఏం చేస్తున్నాయో విని, వీలైతే నాకు రాయి.